మొక్కుకున్న మల్లె

"ఆ సెట్టు మీద సెయ్యేస్తే ఇరగ్గొడతా!"

వసంతమ్మ కేకకు ప్రహరీ అవతల ఎవరో నవ్వుకుంటూ పరుగెత్తారు.

తిరుపతిలో గంగమ్మ జాతర. మగవాళ్ళు చీరలు కట్టి, కొప్పులు పెట్టి ఇల్లిల్లూ తిరిగే వారం. వేషాన్ని తిట్టినా, వేషం చేత తిట్టించుకున్నా ఎవరూ తప్పు పట్టరు. కొప్పులోకి పూలు కావాలని పొద్దున్నుంచి ఆ ఇంటికి వేషాలు వస్తూనే ఉన్నాయి.

రావా మరి! ఆ వీధిలో అంత మల్లెచెట్టు ఇంకెవరికీ లేదు. పుష్యమాసంలో వసంతమ్మ దాని ఆకంతా దూసి, కొమ్మలు కత్తిరించి, నీళ్ళు మానేసి ఎండబెట్టింది. చంపేసిందనుకున్నారు అందరూ. శివరాత్రి దాటాక మేకపెంటికలు వేసి నీళ్ళు పెట్టింది. ఇప్పుడు ఆకు కనబడకుండా మొగ్గలు.

ఆ సంతోషం మాత్రం ఆమెకు లేదు. కూతురు మునిలక్ష్మి కాన్పయి ఆసుపత్రిలో ఉంది. రక్తం చాలా పోయింది. అల్లుడు ధనంజయ రక్తం కోసం తిరుగుతున్నాడు. పెద్ద మనవరాలిని చూసుకుంటూ వసంతమ్మ ఇంట్లో ఉండిపోయింది.

"నా కూతురు బతికితే ఈ పూలన్నీ నీకే తల్లీ" అని గంగమ్మకు మొక్కుకుంది. ఒక్క మొగ్గ పక్కకు పోయినా కూతురికేమవుతుందోనని ఆమె భయం.

సాయంత్రం గేటు దగ్గర ఇంకొకరు. నిలువెత్తు మనిషి. నలిగిన చీర, మోటు గొంతు.

"అమ్మా, నాలుగు మల్లెపూలు ఇయ్యమ్మా. నా బిడ్డ తల్లో పెట్టాల."

"నీకు బిడ్డ గూడానా! మీసం గొరిగితే అమ్మవైపోతావా? పో అబ్బా!"

"నేను వేషం కాదమ్మా..."

"అందరూ ఆ మాటే సెప్తాండారు. పొద్దున్నుంచి పాణం తీస్తాండారు!"

ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది. అంతలో వసంతమ్మ చేతిలోని చెంబెడు నీళ్ళు ఆమె ముఖాన పడ్డాయి. వీధిలోవాళ్ళు ఘొల్లున నవ్వారు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది. వేషమైతే ఎదురు తిట్టి ఉండేది. ఆ సంగతి వసంతమ్మకు తట్టలేదు.

దీపాలు పెట్టే వేళకు ధనంజయ వచ్చాడు.

"గండం గడిసింది అత్తా! కండ్లు తెరిసి మాట్లాడతాండాది."

వసంతమ్మ గడప మీదే కూలబడి ఏడ్చింది.

"రక్తం యాడ దొరికింది నాయనా?"

"పక్కన పిల్లల వార్డులో ఉండే పాప వాళ్ళమ్మ ఇచ్చింది. ఏర్పేడు ఊరామె. 'నా రక్తం నా బిడ్డకు ఎట్లాగూ పనికిరాలేదు, నీ పెండ్లానికన్నా పనికొస్తే సాలు' అనింది."

"ఆ మహాతల్లి కాళ్ళు కడిగి నెత్తిన సల్లుకుంటాను. తోడుకోని రాకూడదా?"

ధనంజయ తల దించుకున్నాడు.

"మద్యాన్నం ఆ పాప పోయింది అత్తా. బిడ్డను వట్టి తలతో ఎట్లా తీసుకుపోయేదని ఏడస్తా ఉంటే, మల్లెపూలు ఇస్తావని నేనే ఆమెను నీ దగ్గరికి పంపించినాను."