జైనబీ సైకిలు

"కాళ్ళ వైపు కాదు, ముందుకు చూడు!" అని మేడమ్ అరిచేలోపే జైనబీ సైకిలుతో సహా వెళ్ళి కాగితప్పూల పొదలో పడింది. మేడమ్ పరుగెత్తుకెళ్ళి లేపి, దోక్కుపోయిన మోచేతి మీద ఊదింది. స్వయంగా ఊదింది! వంటింటి కిటికీలోంచి చూస్తున్న రాజేశ్వరికి ఒళ్ళు మండిపోయింది.

అరబ్బుల దేశంలో, అల్ ఖౌద్‌లో ఆ ఇంగ్లీషు ప్రొఫెసరుగారింట్లో పనివాళ్ళు ఇద్దరే. వంట గోదావరి జిల్లా రాజేశ్వరిది, బుల్లి టామీ బాబుని చూసుకోవడం కడప జైనబీది. వచ్చే జూలైలో మేడమూ, ఆవిడ స్నేహితులూ జట్టుగా సైకిళ్ళ మీద ఇంగ్లండు పల్లెటూళ్ళన్నీ చుట్టి రాబోతున్నారు. పగలంతా తొక్కడం, పొద్దుగూకేసరికి ఏ ఊరొస్తే ఆ ఊళ్ళో దిగడం. బాబు మేడమ్ సైకిలు వెనక బుల్లి సీట్లో కూర్చుంటాడు. వాడున్నచోట ఆయా ఉండాలి, ఆయా కూడా సైకిలు మీదే రావాలి. అందుకని రోజూ సాయంత్రం ఈ శిక్షణ.

కాలవ గట్టు మీద ఒంటి చేత్తో సైకిలు తొక్కి హైస్కూలు చదువు వెలగబెట్టిన రాజేశ్వరిని మాత్రం "నీకు వచ్చా?" అని అడిగిన నాథుడు లేడు.

"దెబ్బలు తగిలాయా మహారాణీ?" అంది, జైనబీ కుంటుకుంటూ లోపలికి రాగానే.

"నవ్వాకక్కా. నడుమిరిగింది."

"రాదని చెప్పెయ్యొచ్చుగా? నన్ను తీసుకెల్లమని చెప్పు."

"పెద్దామె రమ్మంటే కాదంటే బాగుంటాదా? అయినా నీకెందుకక్కా ఇంత కుళ్ళు? ఈ ఏడు లీవు వంతు నీదే. శుక్రవారం ఇమానమెక్కి పొయ్యి, మాటలు రానప్పుడు ఇడిచొచ్చిన కూతుర్ని ఎత్తుకుంటావు. నా వంతు రావాలంటే ఇంకా ఏడాది."

"ఊరికెవరైనా ఎల్తారే! ఇంగ్లండెవరెల్తారు?"

అంది గానీ రాజేశ్వరి కడుపుమంట చల్లారలేదు. పచ్చటి పొలాల మధ్య సైకిలు పట్టుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని జైనబీ ఫోటో దిగుతుంది. ఆ ఫోటో తెచ్చి ఈ వంటింట్లోనే చూపిస్తుంది. తాను చపాతీలు వత్తుకుంటూ ఆ గొప్పలన్నీ వినాలి. పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊరికే అనలేదు. సైకిలెక్కడమే రాని మనిషికి సైకిలు ప్రయాణమా? దేవుడికి కళ్ళు లేవు. ఆయనకి లేకపోతే మేడమ్ కళ్ళు తనే తెరిపించాలనుకుంది.

మర్నాడు టీ ఇస్తూ, వచ్చీరాని ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"మేడమ్, జైనబీ రోజూ రాత్రిళ్ళు ఏడుస్తోంది. ఊళ్ళో వదిలొచ్చిన కొడుకు మీద బెంగ. మీతో చెప్పడానికి భయం. ఆ మనసుతో మీ వెంట సైకిలు తొక్కితే ఏ లారీ కింద పడుతుందో!"

మేడమ్ కప్పు కింద పెట్టేసింది. "నిజమా?"

"దేవుడి మీద ఒట్టు."

"అయ్యో! మరి బాబు కోసం నాతో ఎవరొస్తారు?"

ఈ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్న రాజేశ్వరి చీర కుచ్చిళ్ళు దోపి, సైకిలెక్కి, గంట కొడుతూ ఒంటి చేత్తో ఇంటిచుట్టూ తిరిగొచ్చింది. బాబు చప్పట్లు కొట్టాడు. మేడమ్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"తోటిమనిషి కోసం ఇంత ఆలోచిస్తావని తెలీదు రాజేశ్వరీ. నీ మనసు చాలా గొప్పది. అన్నీ నేను చూసుకుంటాను."

ఆ పొగడ్తకు రాజేశ్వరి ఏ మాత్రం సిగ్గుపడలేదు. పైగా ఆ రోజు పులుసులో ఉప్పు కూడా సరిగ్గా పడింది.

సాయంత్రం జైనబీ ఏడ్చుకుంటూ వంటింట్లోకి వచ్చింది. పోట్లాటకు సిద్ధమై రాజేశ్వరి గరిటె చేతిలోకి తీసుకుంది. జైనబీ వచ్చి ఆమెను వాటేసుకుంది.

"ముసుగేసుకొని సప్పుడు గాకుండా ఏడుస్తా గదా అక్కా. నీకెట్ల తెలిసె?"

రాజేశ్వరి బిత్తరపోయింది. తను అల్లిన అబద్ధం తనకు తెలీకుండానే నిజమై కూర్చుంది. అయినా అసలు సంగతి తేలాలి కదా.

"మేడమ్ ఏమందే?"

"ఇంగ్లండుకి నువ్వే పోతాండావంట."

రాజేశ్వరి గుండె గంతులేసింది. గెలిచిన సంతోషంలో జైనబీ మీద ఎక్కడలేని జాలీ పుట్టుకొచ్చింది. "ఊరుకోవే. అక్కణ్ణించి నీకేదైనా తెత్తాలే."

"నాకేం వద్దక్కా. తోడబుట్టింది గూడా ఇంత చెయ్యదు." జైనబీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇద్దరం ఒక్కతూరి ఊరికి పోతే ఇల్లెవరు చూస్తారు, అందుకే శుక్రవారం నీ బదులు నన్ను ఊరికి పంపిస్తాంది మేడమ్, నీ వంతు ఇంక వచ్చే ఏడంట, నీ కూతురికేం చెప్పాల్నో క్యాసెట్టులో చెప్పియ్యక్కా, నేను తీసకపోతా."