ఎడమచేతి తొడుగు

ఫొటోలో మనిషి బంతిని కొట్టడానికి గోల్ఫ్ కర్ర ఎత్తి ఉన్నాడు. వెనక పరిచినట్టున్న పచ్చగడ్డి, దూరంగా నీలగిరి చెట్లు. టోపీ, నల్లద్దాలు. కింద రాసుకున్నాడు: “ఈ పొద్దు ఊటీలో. మంచు విడిచాక ఆట మొదలుపెట్టాం. ఏడో హోల్ దగ్గర ఏడుపే తక్కువ.”

నిర్మల ఫోను సుందరి ముందుకు జరిపింది.

“ఈయప్పే,” అంది.

సుందరి కళ్ళజోడు సరిచేసుకుంది. “ఎవరో రావు అని ఉంది గదమ్మా ఈడ.”

“పేరుదేముంది, మార్చుకుంటారు. చేయి చూడండి.”

గోల్ఫ్ ఆడేవాళ్ళు ఒక చేతికే తొడుగు వేసుకుంటారు. ఎందుకని ఎవరూ అడగరు. ఈ ఎడమచేతి తొడుగులో చివరి రెండు వేళ్ళు వాడిన బీరపిందెల్లా వేలాడుతున్నాయి. లోపల గాలి తప్ప ఏమీ లేదు.

జమ్మలమడుగు చుట్టుపక్కల ఆ చేయి సంగతి తెలియనివాళ్ళు లేరు. నాటుబాంబు చుడుతూ రెండు వేళ్ళు పోగొట్టుకున్న ఆదినారాయణరెడ్డి చేయి అది. సుందరి భర్త యోబు సారును పొట్టన పెట్టుకున్న చేయి.

పంచాయతీ ఎన్నికల నాడు బడి గదుల తాళాలు తీసివ్వడానికి పోయాడు యోబు సారు. రెడ్డి మనుషులు బ్యాలెట్ పెట్టె ఎత్తుకుపోతుంటే అడ్డం పడ్డాడు. పెట్టెను కడుపుకు కరుచుకుని వరండాలో కూర్చున్నాడు. బాంబులు పడ్డాయి. పోలీసుల కళ్ళుగప్పి అవి ఒక బడిసంచిలో లోపలికి వచ్చాయని తర్వాత తేలింది. ఎవరి సంచో తేలలేదు.

అప్పుడు యోబు సారు బడిలోనే చదువుతున్న నిర్మల ఆనాటి నుంచి సంచి ముట్టలేదు. ఇప్పుడు ఇంటర్ పుస్తకాలు కూడా ఎదకు హత్తుకునే కాలేజీకి పోతుంది.

రెడ్డి జైలుకు పోయాడు గానీ అక్కడ నిలవలేదు. నడుం పడిపోయిందని, రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయని డాక్టరు కాగితం చూపించి బెయిలు మీద బయటికొచ్చాడు. వాయిదాలకు చక్రాల కుర్చీలో వస్తాడు, కాళ్ళమీద దుప్పటి కప్పుకుని. మిగతా రోజులు బెంగళూరులో వైద్యం అంటారు. ఇప్పుడు సొంతూళ్ళో ఉండడానికి అనుమతి అడుగుతున్నాడు. మూలనపడ్డ మనిషి ఎవరినేం చేస్తాడని వాళ్ళ వాదన. అతను ఊళ్ళో కాలుపెట్టిన రోజే సాక్షుల నోళ్ళు మూతపడతాయని సుందరికి తెలుసు.

“జీపులో పోతాంటే దూరం నుంచి చూసిందాన్ని,” అంది సుందరి. “నేనైతే ఆనవాలు పట్టకపోదును.”

“నిలబడితే ఎడమ భుజం జారిపోతాది. కర్ర పట్టినా అంతే, తుపాకి పట్టినా అంతే.”

సుందరి ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఏమీ అడగలేదు.

అది తెలుగు గోల్ఫర్ల ఫేస్‌బుక్ గుంపు. సెలవు రోజుల్లో ఆడే డాక్టర్లు, కాంట్రాక్టర్లు, రిటైరైన ఆఫీసర్లు. ఎవరు ఏ ఊళ్ళో ఆడినా ఫొటో పెట్టాలి, అనుభవం రాయాలి. గడ్డి ఎట్లుంది, గాలి ఎట్లుంది, ఆట అయ్యాక దోసె ఎట్లుంది. దాని ఆచూకీ నిర్మలకు ఎట్లా దొరికిందో సుందరి అదీ అడగలేదు.

“ఫొటోలు చాలవన్నాడు మన లాయరు. పాతవని కొట్టిపారేస్తారంట.”

“కదిలే బొమ్మే తెప్పిద్దాం.”

“అడిగితే ఇస్తాడా?”

“అడిగితే ఇయ్యడు. ఎగతాళి చేస్తే ఇస్తాడు.”

క్లాసులో హాజరు పలకడానికే నోరు పెగలని పిల్ల నిర్మల. ఫోనులో మాత్రం ‘మేజర్ పాలయ్య, మదనపల్లె’ అయింది. టైపు చేసింది:

“రావుగారూ, కర్ర ఎత్తిన ఫొటోలే గానీ బంతి లేచింది ఒక్కటీ చూడలేదు. మా దిక్కు దీన్ని పెండ్లికొడుకు ఫొటో అంటారు. ఏ కాలానివో ఏమో. మీసం చూసి మగోడనుకుంటిమి.”

కింద జనం నవ్వుల బొమ్మలు గుప్పించారు.

“అనుమానం వస్తే ఎట్లమ్మా?”

“రోషం ముందొస్తాది. అనుమానం దాని వెనక నడిచి రావాల్సిందే.”

ఆదివారం వీడియో వచ్చింది.

“పాతదంటావేమో మేజరూ, ఇదిగో ఈ పొద్దు పేపరు,” అని చూపించి రెడ్డి బంతిని కొట్టాడు. బంతి చెట్లు దాటిపోయింది. అక్కడితో ఆపితే బాగుండేది. తొడుగుతో మీసం తిప్పడం కుదరదు కదా. పళ్ళతో తొడుగు లాగి ఉమ్మినట్టు పారేశాడు. మూడు వేళ్ళతో మీసం మెలేశాడు.

సుందరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఎప్పుడు ఏడుపైందో ఆమెకే తెలియలేదు.

“కోర్టుకిచ్చే ముందు ఇంకొక్కసారి ఆలోచించుకో తల్లీ. ఆయప్ప ఊరికే ఇడిచిపెట్టే మనిషి కాదు.”

“సారు పెట్టె ఇడిచిపెట్టినాడా?” అంది నిర్మల.

ప్రొద్దుటూరు కోర్టులో వీడియో వేశారు. రెడ్డి చక్రాల కుర్చీలో తల వేలాడేసుకుని ఉన్నాడు. ఎడమ చేయి దుప్పటి కింద దాగి ఉంది.

అతని లాయరు నింపాదిగా లేచాడు.

“టోపీ, నల్లద్దాలు. మొహమే సరిగా కనబడదు. గొంతంటారా, గాలికి సగం కొట్టుకుపోయింది. వేళ్ళు తెగినవాళ్ళూ మీసం తిప్పేవాళ్ళూ ఈ సీమలో వీధికొకరుంటారు సార్. ఇది మా క్లయింటేనని చెప్పగలిగినంత దగ్గరగా ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే రమ్మనండి.”

కోర్టులో కొందరు నవ్వారు.

సుందరి పక్కనుంచి నిర్మల లేచింది. బోనెక్కింది. కుర్చీలోని తల నిటారుగా లేచింది. దుప్పటి కింద కాలు ఒకటి కదిలింది.

“పేరు?” అడిగాడు గుమాస్తా.

రెండోసారి అడిగితే చెప్పింది. “నిర్మల.”

“తండ్రి పేరు?”

నిర్మల చక్రాల కుర్చీ వైపు వేలు చూపించి, “ఆ కూర్చున్నాయప్పే సార్ మా నాయన,” అంది.