పద్నాలుగంటే ఎంత

"పద్నాలుగంటే నాలుగు. ముందున్న ఒకటి కొట్టెయ్, అంతే," అన్నాడు గలాల్.

"పన్నెండు తీసెయ్యాలి. పద్నాలుగంటే రెండు," అన్నాడు హిల్మీ.

అన్‌ఫూషీ పేటలో మసీదు ఎదురుగా డాక్టర్ వదీ మందుల షాపు. కౌంటరు మీద రెండు ఆసుపత్రి కాయితాలు పడున్నాయి. ఒకటి గలాల్ వాళ్లన్న సబ్రీది. నిన్న రషీద్ రోడ్డు మీద కారు బోల్తా పడితే, మధ్యాహ్నం రెండూ నలభైకి పెద్దాసుపత్రిలో పోయాడు. రెండోది అదే కారులో ఉన్న సబ్రీ పెళ్లాం నగాత్‌ది. హిల్మీకి సొంత అక్క. ఆమెని తీసుకెళ్లింది క్రైస్తవ సన్యాసినుల ఆసుపత్రికి. కాయితమంతా ఫ్రెంచి. వీళ్లకి అర్థమైంది పైనున్న అంకె ఒక్కటే: 14:25.

పిల్లల్లేని జంట. పడవలు కట్టే యార్డు ఉంది. అదీ గొడవ. అవతల మసీదులో సబ్రీ శవం మీద ఈగలు తోలే దిక్కు లేదు.

"ముందు పోయింది మా అన్న. అందుకని యార్డు ముందు మా ఇంటికే వస్తుంది."

"కాదు, మా అక్క. ముందు పోయినోళ్ల వాటా ముందు తీసి పక్కన పెట్టాలి."

గోరీలు తవ్వే వహ్దాన్ పార ఆనించుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఒక గొయ్యా రెండా తేల్చమని పొద్దుట్నుంచీ అడుగుతున్నాడు. ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఇద్దరూ తిరగేసి మాట్లాడుతున్నారు. నలభై ఏళ్లుగా పాతిపెడుతున్నా, ఈ కొట్లాటలు నాకు కొత్త కాదు. మొగుడు పోయాక ఒక్క నిమిషం బతికున్నా నాలుగో వంతు పెళ్లానిది. తర్వాత ఆమె పోతే అది ఆమె తమ్ముడిది. ఆమే ముందు పోయిందా, తమ్ముడికి యార్డులో మేకు ముక్క కూడా రాదు."

గలాల్ కాయితం మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు.

"రెండే," అన్నాడు గలాల్. "పన్నెండు తీసెయ్యాలిగా. చంటిపిల్లాడికీ తెలుసు."

"నాలుగు," అన్నాడు హిల్మీ. "ఒకటి కొట్టెయ్యాలని ఇప్పుడేగా నువ్వే చెప్పావు బావా."

"నేను చెప్పింది తప్పు."

"అబ్బే, ముమ్మాటికీ ఒప్పు. పెద్దవాడివి, నీ మాట నేనెందుకు కాదంటాను?"

వహ్దాన్ బయటికి తిరిగి ఉమ్మేశాడు.

డాక్టర్ వదీ అప్పటిదాకా ఒక ముసలామెకి కంట్లో చుక్కలు ఎలా వేసుకోవాలో చెబుతున్నాడు. ఆమె కుర్చీలోంచి లేచి వెళ్లాక కాయితం లాక్కున్నాడు.

"పద్నాలుగూ ఇరవై అయిదంటే రెండూ ఇరవై అయిదు."

"అల్‌హమ్‌దులిల్లా," అన్నాడు గలాల్, వదిన పదిహేను నిమిషాలు ముందు చచ్చిందని. రెండు చేతులతో మొహం కూడా తుడుచుకున్నాడు.

"ఆగవయ్యా. ఇది చావు టైమని మీకెవరు చెప్పారు?"

"నిన్న సాయంత్రం వెళ్లానుగా," అన్నాడు హిల్మీ. "అక్కని నిండా దుప్పటి కప్పి తోసుకుపోతున్నారు. ఈ కాయితం చేతిలో పెట్టారు. వచ్చేశా."

"మొహం చూశావా?"

హిల్మీ కౌంటరు మీది సీసాల వైపు చూశాడు.

"ఆపరేషన్ అయిన టైము ఇది. మనిషి బతికే ఉంది. రక్తం ఎక్కించాలి, ఎవరిదీ కలవడం లేదు, తమ్ముణ్ని పంపండి అని కింద రాశారు. ఇవాళ పదమూడు గంటల లోపల. దాటితే దక్కదట. పదమూడంటే ఒకటి." గోడ గడియారంలో పన్నెండూ నలభై అయింది. "ట్రాములో పది నిమిషాలు. పరిగెత్తు."

హిల్మీ గబగబా గుమ్మం దాకా వెళ్లాడు. వహ్దాన్ పక్కకి తప్పుకుని దారిచ్చాడు. హిల్మీ ఆగి ఆయన్నీ, ఆయన చేతిలో పారనీ చూశాడు. మెల్లగా వెనక్కొచ్చి ముసలామె లేచిన కుర్చీలో కూర్చున్నాడు.

"ఒకటి కొట్టేస్తే పదమూడంటే మూడే కదా డాక్టర్," అన్నాడు. "చాలా టైముంది. ఒక టీ చెప్పండి."