దుబాసీ మాట

హలో, వినబడుతోందా అందరికీ? పనుల్లో ఉంటారు, ఒక్క నిమిషంలో చెప్పేస్తాను.

ఓడ కింది గది నిండా దుంగలు. మూత తీసి గంట కూడా కాలేదు. మూసిపెట్టిన దుంగలు గాలిని తినేస్తాయని, వెంటనే దిగితే ఊపిరాడక పోతారని రేవులో అందరికీ తెలుసు, కొత్తగా వచ్చిన హిందీ కూలీలకు తప్ప.

"గాలి పరీక్ష అయిపోయిందని చెప్పి దిగమనవయ్యా," అన్నాడు మేస్త్రి, తన మాటను వాళ్లకు హిందీలో చెప్పే దుబాసీతో.

"పరీక్ష చేసే మనిషి రానేలేదు కదండీ?"

"జీతం నీ నోటికి, బుర్రకు కాదు. పాపం వస్తే నాకొస్తుందిలే, చెప్పు!"

ఇరవై ఏళ్లుగా దుబాసీ కూడా తనకు తాను అదే చెప్పుకుంటున్నాడు. విసుక్కుంటూనే ఆ మాటను హిందీలోకి మార్చి చెప్పేశాడు.

నిచ్చెన మీద కాలు పెట్టిన కూలీ ఆగాడు.

"భయ్యా, ఆయనేమన్నాడో మాకేం తెలుసు? మాకు వినబడేది నీ మాటే. నువ్వు దిగమన్నావు, దిగుతున్నాం," అన్నాడు హిందీలో.

"ఏంటట వాడి గోల?" అరిచాడు మేస్త్రి.

దుబాసీ గబగబా వెళ్లి కూలీ చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. "దిగొద్దు. నేను చెప్పింది అబద్ధం," అన్నాడు హిందీలో. తర్వాత మేస్త్రి వైపు తిరిగి, అదే మాట తెలుగులో చెప్పాడు.

మీకు తెలిసిన రేవు పనివాళ్లుంటే ఈ కథ పంపండి బాబూ. తెలుగు రాకపోతే, వాళ్ల భాషలో మీరే చెప్పండి.