యాలాల్ దారిలో ఆగిన బండి

యాలాల్ ఇంకా మూడు మైళ్లుందనగా బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

తాండూరు మిషన్ దవాఖానా నర్సు రాహేలమ్మ దిగి స్టాండు వేసింది. తెల్లదొరసాని డాక్టరు తన దేశానికి వెళ్లిపోతూ ఇచ్చిన పెడళ్ల మోటారు సైకిలు అది. వెనక కూర్చున్న భీమయ్య కూడా గబగబా దిగాడు. యాలాల్‌లో అతని కూతురు హన్మమ్మకు తెల్లవారుజాము నుంచి నొప్పులు. మంత్రసాని తనవల్ల కాదనడంతో అతను తాండూరుకు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది నర్సమ్మా?"

"సూస్త. జర ఆగు."

ట్యాంకు ఊపి చూసింది. పెట్రోలు ఉంది. స్పానరుతో ప్లగ్గు విప్పింది. నల్లగా, జిడ్డుగా ఉంది. పొద్దున భీమయ్య కబురు చెప్పాక పరధ్యానంలో, పెట్రోల్లో కలిపే నూనె ఎక్కువ పోసినట్టుంది.

జడపిన్నుతో మసి గీకింది. గుడ్డతో తుడిచింది. తీగె తగిలించి, ప్లగ్గును ఇంజనుకు ఆనించి పట్టుకుంది.

"పెడలు తిప్పు."

భీమయ్య తిప్పాడు. నిప్పురవ్వ రాలేదు.

అంతలో తాండూరు వైపు పోతున్న ఎడ్లబండి పక్కన ఆగింది.

"ఖరాబైందా నర్సమ్మా? ఎక్కు, దవాఖాన కాడ దింపుత," అన్నాడు బండి తోలుతున్న దేవప్ప.

రాహేలమ్మ ఎడ్లబండి వంక చూసింది. ఎక్కి కూర్చుంటే తప్పు పట్టేవాళ్లు లేరు. ప్లగ్గు పనిచెయ్యకపోతే తనేం చేస్తుంది?

భీమయ్య తల దించుకున్నాడు. "పోతె పో తల్లీ. నేనేమనుకోను. అసలు నువ్వు బయలెల్లుతవనే అనుకోలె."

ఆ మాట చురుక్కుమంది.

"నువ్వు నడువు దేవప్పా," అందామె.

ప్లగ్గును మళ్లీ ఎండకు ఎత్తి చూసింది. రెండు మొనల నడుమ ఆవగింజలో సగమంత మసి ఇరుక్కుని ఉంది. పిన్ను కొసతో పొడిచి తీసింది. ఊదింది.

"తిప్పు. గట్టిగ."

నీలంగా చిటుక్కుమంది.

"వచ్చె! నిప్పు వచ్చె!" అని అరిచాడు భీమయ్య.

వాళ్లు చేరేసరికి హన్మమ్మ ఒళ్లంతా చల్లబడుతోంది. బిడ్డ కాళ్లు ముందొచ్చాయి. గంటన్నర పెనుగులాట. పుట్టినవాడు ఏడవలేదు. రాహేలమ్మ వాణ్ని తలకిందులుగా పట్టి వీపు మీద చరిచింది. మళ్లీ చరిచింది. కేరుమన్నాడు.

హన్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, నీ మొకం జూడనీకె నాకు..."

"మాట్లాడకు. పండుకో."

పసివాణ్ని గుడ్డలో చుట్టి బయటికి వచ్చింది. వాకిట్లో వాడి తండ్రి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తల ఎత్తలేదు.

"మగపిల్లడు," అని, రాహేలమ్మ ఆ పసికందును, పిల్లలు కలగలేదని నాలుగేళ్ల కింద తనను వదిలేసిన భర్త చేతుల్లో పెట్టింది.