గిడ్డమ్మ చేతి ఉగ్గాని

“ఉతకదా?” అంది పక్కింటి ఈరక్క, కొత్త మిషన్ మూత ఎత్తి లోపలికి తొంగి చూస్తూ.

“ఉతకదు. ఉతికిన బట్టలు పిండుతాది, అంతే,” అంది మహాదేవి.

“ఆదోని ఎండలో బట్టలు పిండేకి మిషనా? తాడు మీద ఏసి ఎనక్కి తిరిగేలోగా ఎండిపోతాయి గదమ్మే. గిడ్డక్కా, నీ కోడలికి సూర్యుడు కూడా సాల్లేదు.”

గిడ్డమ్మ వాచిన మణికట్టును ఒళ్లో పెట్టుకుని గడప దగ్గర కూర్చుని ఉంది. మనసులో మాత్రం ఈరక్క మాటే నిజమనిపించింది. కోడలు పట్టుబట్టి, మొగుడు హనుమేష్ చేత కర్నూలు నుంచి తెప్పించింది ఆ డబ్బాను. అదేందే అంటే ఒకటే జవాబు: “బట్టలు పిండి పిండి నా చేతులు కూడా పడిపోతే, అంగట్లో బొరుగులు ఎవురు పిండుతారత్తా?”

ఆ ఇంటికి కూడు పెట్టేది ఉగ్గాని, మరమరాలతో చేసే ఉప్మా లాంటి టిఫను. ఉగ్గాని ప్రాణం తాలింపులో లేదు, పైన చల్లే పుట్నాల పొడిలోనూ లేదు. నానబెట్టిన బొరుగుల్ని, అంటే ఆ మరమరాల్ని, పిండడంలో ఉంది. నీళ్లు మిగిలితే ముద్దవుతుంది. గట్టిగా పిసికితే నుసవుతుంది. ఆ రెంటి నడుమ పట్టు గిడ్డమ్మ చేతికే తెలుసని ఊరంతా అనేది. బజ్జీ నంజుకోకుండా వట్టి ఉగ్గాని తినిపోవడానికే జనం ఆమె అంగడికి వచ్చేవాళ్లు.

వానాకాలం నుంచి ఆ చెయ్యి చెంబు కూడా ఎత్తలేకపోతోంది. పిండే పని కోడలిదైంది. గిరాకీ తగ్గలేదు; జనం ఇంకా గిడ్డమ్మే పిండుతోందనుకుంటున్నారు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

మిషన్ వచ్చిన కొద్ది రోజులకే అడిగేవాడు వచ్చాడు. పత్తి వ్యాపారి దేవేంద్రప్ప.

“గిడ్డక్కా, మా పాప పెండ్లి. పొద్దున టిఫను ఉగ్గానే పెట్టల్లని వియ్యంకుడు నోరు తెరిచి అడిగినాడు. బళ్లారోళ్లు, దీని రుచి మనకంటే బాగ తెలిసినోళ్లు. ముద్ద పెడితే నా పరువు పోతాది.”

“ముద్ద ఎందుకైతాదప్పా?”

“నీ చెయ్యి పడితే కాదు. నువ్వే పిండుతానని మాటియ్యి. లేకుంటే బస్టాండు కాడి హోటలోనికి చెప్తా.”

ఆ పెళ్లి చేతికొస్తే పత్తి మార్కెట్టులోని ప్రతి పెళ్లీ వెంట వస్తుంది. పోతే, గిడ్డమ్మ పని అయిపోయిందన్న మాట పొద్దుగూకేలోగా బజారంతా తిరుగుతుంది. అబద్ధం ఆమె నోటిదాకా వచ్చింది. చెయ్యిని కొంగు కింద దాచుకుంది. మళ్లీ ఏమనుకుందో, బయటికి తీసి చూపించింది.

“సూడప్పా, ఇట్లుండాది. ఇప్పుడు పిండేది నా కోడలు.”

దేవేంద్రప్ప ముఖం ముడుచుకుంది. “ఆ పిల్లనా? పెండ్లి మందంతా తినల్ల. ఒక పిడికిలి ఒక తీరుగ, ఇంగో పిడికిలి ఇంగో తీరుగ పిండితే ఏం కావల్ల?”

లోపలి నుంచి మహాదేవి వచ్చింది. “మొదటి పిడికిలి ఎట్లుంటాదో ఆఖరుది అట్లనే ఉంటాది మామా. రేపు పొద్దున రాండి, గంగాళం నిండా చేస్తా. పైన తినండి, అడుగున తినండి. యాడ ముద్ద తగిలినా హోటలోనికే ఇచ్చుకోండి.”

“గొంతులో బలం ఉండాది. చేతిలో ఎంతుందో రేపు సూస్తాం,” అంటూ ఆయన లేచాడు.

ఆయన పోయాక గిడ్డమ్మ కోడలి మీద పడింది. “అంత మాట యాల అంటివే? నడుమ నీ చెయ్యి నొస్తే?”

“నొయ్యదు లేత్తా.”

పెరట్లో తాడు మీది చీరల నుంచి నీళ్లు కారుతున్నాయి. “ఇదేనా నీ మిషన్ పిండేది?” అని గిడ్డమ్మ దెప్పింది. మహాదేవి నవ్వి లోపలికి పోయింది.

తెల్లారేసరికి వెనక గదిలో మిషన్ గుర్రుమంటోంది. తలుపు గడియ పెట్టి ఉంది.

“ఏమ్మే, బొరుగులు పిండుతాండావా, బట్టలేస్తాండావా?”

“నువ్వు పోయి ఎర్రగడ్డలు ఏయించత్తా. నా పని అయిపోతాది.”

గిడ్డమ్మ గొణుక్కుంటూ, తరిగిన ఉల్లిపాయలు తీసుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

దేవేంద్రప్ప మార్కెట్టు వాళ్లను వెంటేసుకుని వచ్చాడు. గరిటె గంగాళం అడుగుదాకా దించి తనే తీసుకున్నాడు. నమిలాడు. పక్కవాడి ఆకులో వేసి, వాడి ముఖం చూశాడు.

“నాతో ఎందుకక్కా అబద్ధం?” అన్నాడు చివరికి. “ఇది నీ చెయ్యే. సిన్నప్పటి నుంచి తింటాండా, నాకు తెల్దా?”

“నాది కాదప్పా. నరసింహస్వామి మీద ఒట్టు.”

“అయితే నిన్ను మించిన చెయ్యి. పలుకు పలుకుకూ విడిగా ఉండాది. పెండ్లికి ఈ చెయ్యే పిండల్ల, ఇంగొకరు తాకేకి లేదు. ఇంగో గంపెడు నానబెట్టమను, మార్కెట్టుకు తీసుకపోతా.”

మహాదేవి అప్పటికే నానబెట్టిన బొరుగులు ఎత్తుకుని వెనక గదికి పోయింది. గిడ్డమ్మ గుండె నిండింది. ఆ నిండుగుండెలోనే చిన్న ముల్లు కూడా గుచ్చుకుంది. బతుకంతా పెట్టి తను నేర్చిన పట్టు, నిన్నమొన్న వచ్చిన పిల్లకు ఎట్లా దొరికింది? ఆ చెయ్యి ఆడే తీరు ఒక్కసారి కళ్లారా చూడాలనిపించి, ఈసారి గడియ పెట్టని వెనక గది తలుపు తోసింది.

మహాదేవి చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

మిషన్లో తిరుగుతున్నది బొరుగుల మూట.