గబ్బిలం కోసిన చెయ్యి

"మళ్ళీ ఆ నల్ల రేకు కోశారు కదూ?" మణికట్టు బరబరా గోక్కుంటూ వచ్చి నిలబడింది వినార్సి.

శుక్రవారం నమాజుకని లుంగీ సర్దుకుంటున్న హర్గొనో ఉలిక్కిపడ్డాడు. "అబ్బే, ఒట్టు! నా రంపం మీ తమ్ముడికిచ్చేశానన్నావుగా? పళ్ళతో కొరికి కోశానా?"

"మరి నాకీ దురదేంటి?"

"పాత దుమ్మేమో..."

"ఆరు నెలల దుమ్మా? భోజనాల బల్ల మీద కార్బన్ ఫైబర్ కోసే మగాణ్ణి నేనింకెక్కడా చూళ్ళేదు! సోయా టెంపే వేపుడు నిండా నల్ల పొడి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మీ డ్రోనొచ్చి కాపాడుతుందా? ఇంకోసారి ఇంట్లో రేకు ముక్క కనబడిందా, ఆ డ్రోను నీళ్ళ తొట్లో ఉంటుంది, చెప్తున్నా."

"అలాగేలే, తల్లీ!" అని చాప చంకన పెట్టుకుని బయటపడ్డాడు.

నిజానికి ఆరు నెలలుగా అతను రేకు ముట్టుకోలేదు. అయితే నిన్న సాయంత్రం డ్రోను జామచెట్టుకి గుద్దుకుని, ఫంకా మోసే ముందు రేకు చెయ్యి పుటుక్కుమన్న సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు. ఎల్లుండే చక్కెర మిల్లు వెనక మైదానంలో డ్రోన్ల పందెం. చెయ్యి దొరక్కపోతే బావమరిది యత్నో ఒక్కడే ఎగరేసి, గెలిచి, ఏడాది పొడుగునా ఎక్కిరిస్తాడు.

సందు మలుపులో ఆగి ఫోను తీశాడు. మలాంగ్ ఊళ్ళో డ్రోన్ల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ దిక్కు ఒక్కటే, 'గబ్బిలం'. మనిషిని ఎవరూ చూడలేదు. సందేశం పెడితే చాలు, రేకుని నీళ్ళలో ముంచి కోసి, అంచులు నున్నగా అరగదీసిన ముక్క పైజెం అత్త కొట్లో రొయ్యల అప్పడాల డబ్బా వెనక ఉంటుంది. రేటెందుకింత అంటే, "దురదకి" అని జవాబు. గబ్బిలం ఎవరత్తా అని అడిగితే పైజెం అత్త పకపకా నవ్వి, "చెప్పానంటే నా చర్మం ఒలిచేస్తారు" అనేది.

"గబ్బిలంగారూ, ముందు కుడి చెయ్యి పోయింది. ఎల్లుండి పందెం. ఎలాగైనా కాపాడాలి," అని సందేశం పెట్టాడు.

"ఈ నెలలో ఇది మూడోది. కాస్త చెట్లని చూసి ఎగరెయ్యండి."

"ఇంట్లో నేనే కోసుకునేవాణ్ణి. మా రాక్షసి కోయనివ్వదు."



"రాక్షసంటే?"

"మా ఆవిడేలెండి."



"రేటు రెట్టింపు."

"అన్యాయం కదండీ!"

"పందెం ఎవరిది?"

హర్గొనో నిట్టూర్చాడు. "సరే. కానీ ఆవిడకి మాత్రం తెలీకూడదు."

"నేను ఆవిడతో ఒక్క మాట కూడా మాట్లాడను. నమాజయ్యాక తీసుకోండి."

ఆ చివరి మాటకి హర్గొనో తనలో తానే నవ్వుకున్నాడు. గబ్బిలం ఎవరో అతను ఎప్పుడో పసిగట్టేశాడు. పోయినసారీ అంతే, నమాజుకి వెళ్తూ అడిగితే తిరిగొచ్చేసరికి ముక్క సిద్ధం. ఊళ్ళో మగాళ్ళంతా మసీదులో ఉండే వేళ తీరిగ్గా రంపం పట్టేదెవరు? చర్చికి వెళ్ళేవాడు. ఈ సందులో చర్చికి వెళ్ళేది గడియారాల మార్కుస్ ఒక్కడే.

అతని కొట్టు ముందు ఆగి కన్ను గీటాడు. "మీ చెయ్యి బంగారం, పెద్దాయనా!"

కంటికి భూతద్దం తగిలించుకున్న మార్కుస్ తలెత్తాడు. "మొన్న నీ గడియారం పాడు చేశానని నానా తిట్లూ తిట్టావుగా?"

"అబ్బబ్బ, ఏం నటన! రెట్టింపైనా ఇస్తాలెండి."

"దేనికి?"

"మీకు తెలుసు, నాకు తెలుసు."

"ఎండకి మతి పోయినట్టుంది పాపం," అని మార్కుస్ మళ్ళీ గడియారంలోకి తల దూర్చాడు.

అజాన్ వినబడింది. సందులో తలుపులు తీసుకుని మగాళ్ళంతా ఒక్కొక్కరే మసీదు దారి పట్టారు. పందెం గెలిచినంత హుషారుగా హర్గొనో వాళ్ళ వెంట నడిచాడు.

ఇంట్లో రాక్షసి ముక్కుకి గుడ్డ కట్టుకుని రంపం అందుకుంది.